ప్రేమానంద స్వామి కేసు

ప్రేమానంద స్వామి కేసు తమిళనాడు రాష్ట్రంలో 1994లో వెలుగులోకి వచ్చిన నేర విచారణ. తిరుచిరాపల్లి సమీపంలో ఆశ్రమం నడిపిన ప్రేమానంద (1951 - 2011) తన సంరక్షణలో ఉన్న 13 మంది బాలికలపై, యువతులపై అత్యాచారం చేశాడనీ, ఆశ్రమంలోనే నివసిస్తున్న ఒక ఇంజనీరు హత్యలో దోషి అనీ పుదుక్కోట్టై సెషన్స్ న్యాయస్థానం 1997 ఆగస్టు 20న తీర్పు చెప్పినది. ఈ తీర్పును మద్రాసు హైకోర్టు 2002లోను, సుప్రీం కోర్టు 2005లోను సమర్థించాయి. నేర నిరూపణలో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) జరిపిన డీఎన్ఏ పరీక్ష ముఖ్యపాత్ర వహించినది. అందువలన భారతదేశంలో న్యాయవైద్య శాస్త్ర చరిత్ర చెప్పుకొనేటపుడు ఈ కేసు తప్పక ప్రస్తావనకు వస్తుంది.

"బాబాల" మహిమలను బట్టబయలు చేస్తూ దేశమంతటా తిరిగిన కేరళ హేతువాది బసవ ప్రేమానంద్ (1930 - 2009) వేరు, ఈ ప్రేమానంద వేరు. పేర్ల పోలిక వలన ఇద్దరినీ ఒకరిగా పొరబడటం కద్దు. నిజానికి వారిద్దరి మార్గాలు పూర్తిగా పరస్పర విరుద్ధమైనవి.

నేపథ్యం

ప్రేమానంద అసలు పేరు ప్రేమ్ కుమార్. ఇతడు 1951 నవంబరు 17న శ్రీలంక మధ్య ప్రాంతంలోని మాతలేలో జన్మించాడు. యువకుడిగా ఉన్నపుడే అక్కడ ఒక ఆశ్రమం నెలకొల్పి అనాథ పిల్లలను చేరదీశాడు. గాలిలో చేయి తిప్పి విభూతి సృష్టిస్తాడనీ, మహాశివరాత్రినాడు నోటినుండి శివలింగాలు వెలువరిస్తాడనీ భక్తులు నమ్మేవారు. 1983 జూలైలో శ్రీలంకలో తమిళులపై పెద్దయెత్తున దాడులు జరిగినవి. వేలాది తమిళ కుటుంబాలు సముద్రం దాటి తమిళనాడుకు శరణార్థులుగా వచ్చాయి. ఆ అల్లర్ల అనంతరం ప్రేమానంద కూడా కొందరు అనుచరులతోను, తాను పెంచుతున్న పిల్లలతోను భారతదేశానికి తరలివచ్చాడు.

1989లో తిరుచిరాపల్లి - పుదుక్కోట్టై మార్గంలో ఫాతిమా నగర్ వద్ద విశాలమైన స్థలంలో కొత్త ఆశ్రమం వెలసినది. ఈ స్థలం పుదుక్కోట్టై జిల్లా పరిధిలోనిది. కేసు విచారణ తిరుచిరాపల్లి నగరంలో కాక పుదుక్కోట్టైలో జరగడానికి కారణం ఇదే. అనాథాశ్రమం, పాఠశాల, పూజా మందిరాలు కలిగిన ఈ ఆశ్రమానికి ఐరోపా దేశాలనుండి కూడా భక్తులు వచ్చేవారు. విరాళాలు వచ్చేవి. విదేశాలలో శాఖలు ఏర్పడినవి.

కేసును అర్థం చేసుకోవడానికి ఆశ్రమంలోని బాలికల స్థితి గమనించవలసి ఉంటుంది. వారిలో పలువురు తల్లిదండ్రులను కోల్పోయినవారు లేక యుద్ధం వలన వారికి దూరమైనవారు. పుట్టిన దేశం వదలి వచ్చినవారు. తిండి, బట్ట, చదువు, పడక అన్నీ ఆశ్రమం ఇచ్చినవే. ఆశ్రమాధిపతి వారికి ఏకకాలంలో గురువు, సంరక్షకుడు, అన్నదాత, దైవం. అతనిపై ఫిర్యాదు చేయదలచిన బాలికకు మొదట ఎదురయ్యే ప్రశ్న: ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? తరువాతి కాలంలో న్యాయస్థానాలు "ఇంతకాలం ఎందుకు మౌనంగా ఉన్నారు?" అనే ముద్దాయిల వాదనను తోసిపుచ్చడానికి ప్రధాన ఆధారం ఈ పరిస్థితియే.

కేసు వెలుగులోకి రావడం

1994 చివరిలో ఆశ్రమం నుండి తప్పించుకొని బయటపడిన బాలికల ద్వారా విషయం వెల్లడైనది. వారిలో ఒకరు అప్పటికి గర్భవతి. తమిళనాడు పోలీసులు ఆశ్రమంలో సోదాలు జరిపి, ఇతర బాలికల వాంగ్మూలాలు నమోదు చేశారు. మొదట ఒకరిద్దరి ఫిర్యాదుగా కనిపించినది త్వరలోనే చాలామంది బాధితుల వ్యవహారంగా తేలినది. ప్రేమానందను, అతని సన్నిహితులు కొందరిని 1994 నవంబరులో అరెస్టు చేశారు. అప్పటినుండి ప్రేమానంద శేషజీవితం ప్రధానంగా జైలులోనే గడచినది.

అప్పటి భారత శిక్షాస్మృతి 228-ఎ సెక్షను ప్రకారం అత్యాచార బాధితుల పేర్లు ప్రచురించడం నేరం. 1994లో కొన్ని పత్రికలు ఈ నియమాన్ని పాటించలేదు. ఆనాటి వార్తలలో ఆ పేర్లు కనిపించినా వాటిని తిరిగి వ్రాయడం తగదు.

హత్య విషయం

అత్యాచార ఆరోపణలపై దర్యాప్తు సాగుతుండగానే మరొక నేరం బయటపడినది. ఆశ్రమంలో నివసిస్తున్న శ్రీలంక తమిళ ఇంజనీరు ఒకరు కొంతకాలంగా కనిపించడం లేదు. ఆశ్రమంలో బాలికలపై జరుగుతున్న అకృత్యాలు అతనికి తెలిశాయనీ, బయటపెడతాడనే భయంతో అతనిని కొట్టి చంపి శవాన్ని ఆశ్రమ ఆవరణలోనే పాతిపెట్టారనీ ప్రాసిక్యూషన్ ఆరోపించినది. పోలీసులు అక్కడ త్రవ్వించి అవశేషాలను వెలికితీశారు.

ఈ సంఘటనతో కేసు స్వరూపమే మారిపోయినది. లైంగిక నేరాల కేసులలో "ఇది కక్షతో పెట్టిన ఆరోపణ" అని వాదించడం పరిపాటి. కాని ఆవరణలో పాతిపెట్టిన శవానికి కూడా జవాబు చెప్పవలసి వచ్చినపుడు ఆ వాదన బలహీనపడుతుంది. నోరు విప్పిన మనిషికి ఏమి జరిగినదో ఆశ్రమంలో ఉన్నవారికి తెలిసి ఉంటే, బాలికల మౌనానికి కారణం వేరే వెదకనవసరం లేదు.

హైదరాబాదులో డీఎన్ఏ పరీక్ష

గర్భవతి అయిన బాలికకు గర్భస్రావం జరిగిన తరువాత ఆ పిండం కణజాలాన్ని, బాలిక రక్త నమూనాను, ప్రేమానంద రక్త నమూనాను హైదరాబాదులోని సీసీఎంబీకి పంపించారు. అప్పటికి దేశంలో డీఎన్ఏ పరీక్షలు న్యాయస్థానాలకు దాదాపు కొత్త. డీఎన్ఏ వేలిముద్ర పద్ధతిని 1984లో ఇంగ్లాండులో అలెక్ జెఫ్రీస్ కనుగొన్నాడు. హబ్సిగూడలోని సీసీఎంబీ ప్రయోగశాలలో లాల్జీ సింగ్ (1947 - 2017) 1988 నాటికి స్వంతంగా ఒక పద్ధతి రూపొందించాడు. కట్లపాము జాతికి చెందిన ఒక పాములో లింగనిర్ధారణపై తాను చేసిన పరిశోధనలో దొరికిన డీఎన్ఏ వరుసయే దీనికి మూలం కావడం ఒక విశేషం. కేరళలోని తలశ్శేరిలో నడచిన ఒక పితృత్వ వివాదంలో ఈ పద్ధతి మొదటిసారిగా భారతీయ న్యాయస్థానం ముందుకు వచ్చినది. రాజీవ్ గాంధీ హత్య కేసులో కూడా సీసీఎంబీ శాస్త్రవేత్తల సేవలు ఉపయోగపడినవి.

ఆ రోజులలో వాడిన పద్ధతిని స్థూలంగా ఇలా చెప్పవచ్చును. కణజాలం నుండి డీఎన్ఏను వేరుచేసి ప్రత్యేకమైన ఎంజైములతో ముక్కలు చేస్తారు. ఆ ముక్కలను జిగురువంటి పలకపై ఉంచి విద్యుత్తు ప్రసరింపజేస్తే చిన్న ముక్కలు దూరంగాను, పెద్దవి దగ్గరగాను నిలుస్తాయి. రేడియోధార్మికత కలిగించిన "శోధిని"ని వాటికి తగిలించి ఎక్స్-రే ఫిల్ముపై ముద్ర తీస్తే నిలువు వరుసలో అడ్డగీతలు కనిపిస్తాయి. బిడ్డలోని ప్రతి గీత తల్లినుండి గాని తండ్రినుండి గాని వచ్చి ఉండాలి. కాబట్టి మొదట తల్లి గీతలతో సరిపోయేవాటిని గుర్తించి తీసివేస్తారు. మిగిలిన గీతలన్నీ తండ్రిగా అనుమానిస్తున్న వ్యక్తిలో ఉన్నాయా లేదా అనేదే ప్రశ్న. ఒక్క పరీక్షకు వారాల సమయం పట్టేది. తరువాత వచ్చిన పద్ధతులతో పోలిస్తే నమూనా కూడా ఎక్కువ పరిమాణంలో కావలసివచ్చేది.

సీసీఎంబీ నివేదిక ప్రేమానందయే ఆ పిండానికి తండ్రి అని నిర్ధారించినది. దీనిని ఖండించడానికి ముద్దాయిల తరఫువారు బ్రిటన్ నుండి విల్సన్ వాల్ అనే నిపుణుని పిలిపించారు. ఆయన తన పరీక్షలో ఫలితం సరిపోలలేదని సాక్ష్యం చెప్పాడు. హైదరాబాదు ప్రయోగశాల నివేదికకు, విదేశీ నిపుణుని మాటకు మధ్య ఒకదానిని ఎంచుకోవలసిన స్థితి ఒక జిల్లా స్థాయి న్యాయస్థానానికి ఏర్పడినది. న్యాయస్థానం సీసీఎంబీ నివేదికను స్వీకరించి విల్సన్ వాల్ సాక్ష్యాన్ని తిరస్కరించినది. పై న్యాయస్థానాలు కూడా దీనితో ఏకీభవించాయి.

నిపుణుల అభిప్రాయానికి అప్పటి సాక్ష్య చట్టంలోని 45వ సెక్షను మాత్రమే ఆధారం. అందులో డీఎన్ఏ ప్రస్తావన లేదు. నిందితుల వైద్యపరీక్షలో డీఎన్ఏ విశ్లేషణను స్పష్టంగా చేరుస్తూ నేర విచారణ స్మృతిని 2005లో సవరించారు. అంటే పుదుక్కోట్టై తీర్పు వెలువడిన 8 సంవత్సరాల తరువాత.

పుదుక్కోట్టైలో విచారణ

సెషన్స్ న్యాయమూర్తి ఆర్. భానుమతి ఈ కేసును విచారించారు. ఆమె తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా, ఝార్ఖండ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 2014 ఆగస్టు నుండి 2020 జూలై వరకు సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా ఉన్నారు. ప్రేమానంద తరఫున వాదించినవారిలో ప్రసిద్ధ న్యాయవాది రాం జెఠ్మలానీ ఒకరు.

ముద్దాయిలు నేరాలను పూర్తిగా నిరాకరించారు. పోలీసులు బాలికలను భయపెట్టి తమకు కావలసిన వాంగ్మూలాలు తీసుకున్నారని వాదించారు. ఫిర్యాదు ఆలస్యంగా వచ్చినదనీ, సాక్షుల మాటలలో పొంతన లేదనీ అన్నారు. ఈ వాదనలలో కొన్ని తేలికగా కొట్టివేయదగినవి కావు. ఒకే సంస్థలో పెరిగి, ఒకే దర్యాప్తు బృందం ముందు మాట్లాడిన సాక్షుల మాటలను జాగ్రత్తగా పరిశీలించవలసిందే. అయితే అత్యాచార బాధితురాలి సాక్ష్యం నమ్మదగినదిగా ఉంటే, దానికి వేరే సమర్థన ఉండితీరాలని పట్టుపట్టరాదని సుప్రీం కోర్టు 1996లో పంజాబ్ రాష్ట్రం - గుర్మీత్ సింగ్ కేసులో స్పష్టం చేసి ఉన్నది. ప్రేమానంద కేసులో బాలికల సాక్ష్యం ఒంటరిగా లేదు. ఒకరి మాటను మరొకరి అనుభవం బలపరచినది. వాటికి తోడు హైదరాబాదు నివేదిక, ఆశ్రమ ఆవరణలో దొరికిన అవశేషాలు ఉన్నవి.

ఈ సందర్భంలో చట్టం నేపథ్యం కొంత చెప్పుకోవాలి. మహారాష్ట్రలోని మథుర కేసు, 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు ఠాణాలో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మృతి దేశవ్యాప్తంగా ఆందోళనకు దారితీశాయి. ఆ ఆందోళనల ఫలితమైన 1983 చట్ట సవరణ, తన అధీనంలో ఉన్న మహిళపై పోలీసులు గాని, జైలు అధికారులు గాని, స్త్రీ శిశు సంస్థల నిర్వాహకులు గాని జరిపే అత్యాచారాన్ని మరింత తీవ్రమైన నేరంగా గుర్తించినది. సంరక్షణ పేరుతో చేతిలోకి వచ్చిన అధికారం వలన "సమ్మతి" అనే మాటకు అర్థం మారిపోతుందనే అవగాహన భారతీయ న్యాయస్థానాలకు ఏర్పడటంలో హైదరాబాదు ఉదంతానికి కూడా పాత్ర ఉన్నది.

1997 ఆగస్టు 20న వెలువడిన తీర్పులో ప్రేమానందకు అత్యాచార నేరాలకూ, హత్యా నేరానికీ యావజ్జీవ కారాగార శిక్షలు విధిస్తూ, అవి ఏకకాలంలో కాక ఒకదాని తరువాత ఒకటిగా అమలు జరగాలని న్యాయమూర్తి ఆదేశించారు. 60 లక్షల రూపాయలకు మించిన జరిమానా కూడా విధించారు. ఆ రోజులలో ఒక క్రిమినల్ కేసులో వ్యక్తిపై విధించిన జరిమానాగా ఇది అసాధారణమైన మొత్తం. సహకరించిన కొందరు ఆశ్రమవాసులకు కూడా శిక్షలు పడినవి.

అప్పీళ్ళు

మద్రాసు హైకోర్టు 2002 డిసెంబరులో శిక్షలను ధ్రువీకరించినది. సుప్రీం కోర్టు తీర్పు 2005 ఏప్రిల్‌లో వచ్చినది. న్యాయ గ్రంథాలలో ఈ తీర్పు ప్రేమానంద పేరుతో కాక, సహముద్దాయి పేరుమీదుగా "కమలానంద - తమిళనాడు రాష్ట్రం" కేసుగా కనిపిస్తుంది. వెదికే విద్యార్థులు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

చిన్న చిన్న వైరుధ్యాల వలన సాక్ష్యం మొత్తం వీగిపోదనీ, ముద్దాయి పూర్తి అదుపులో ఉన్న బాలికలు ఆలస్యంగా ఫిర్యాదు చేయడం సహజమేననీ సుప్రీం కోర్టు భావించినది. ఇక మిగిలిన ముఖ్యమైన న్యాయ సమస్య శిక్షల అమలు. "యావజ్జీవం" అంటే 14 సంవత్సరాలనీ, 20 సంవత్సరాలనీ జనంలో ఒక అపోహ ఉన్నది. అది ఖైదీ మిగిలిన జీవితకాలం మొత్తం అని 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులోనే సుప్రీం కోర్టు చెప్పినది. అలాంటపుడు మొదటి యావజ్జీవం ముగిసిన తరువాత రెండవది మొదలు కావడం ఎలా సాధ్యం? 2005 తీర్పు మాత్రం నేర విచారణ స్మృతి 31వ సెక్షనులోని "కారాగారం" అనే పదంలో యావజ్జీవం కూడా చేరుతుందని చెప్పి, వరుస శిక్షలను సమర్థించినది.

ఈ చిక్కుముడి 2016 జూలై 19న గాని వీడలేదు. తమిళనాడుకే చెందిన మరొక హత్యల కేసులో (ముత్తురామలింగం కేసు) ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ ప్రశ్నను పరిశీలించినది. మనిషికి ఉండేది ఒకటే జీవితం కాబట్టి యావజ్జీవ శిక్షలు ఒకదాని తరువాత ఒకటి నడవజాలవని తేల్చి, కమలానంద తీర్పులోని ఆ భాగాన్ని తోసిపుచ్చినది. అయితే రెండు, మూడు యావజ్జీవాలు విధించడం వృథా అని అర్థం కాదు. అవి ఒకదానిపై ఒకటి పరచినట్లు ఉంటాయి. ఒకదానిలో ప్రభుత్వం శిక్ష తగ్గింపు ఇచ్చినా మిగిలినది దానంతట అది తగ్గిపోదు. ఈ ధర్మాసనంలో పుదుక్కోట్టైలో మొదటి తీర్పు చెప్పిన ఆర్. భానుమతి కూడా సభ్యురాలు కావడం గమనార్హం. అప్పటికి ప్రేమానంద మరణించి ఐదేళ్ళు దాటినది.

ఇతర దేశాలలో

అనుచరులతో నేరాలు చేయించిన గురువులపై విచారణలు ఇతర దేశాలలోనూ జరిగాయి. వీటిలో ప్రసిద్ధమైనది జపాన్‌లోని ఓమ్ షిన్రిక్యో అధిపతి షోకో అసహరా కేసు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ విషవాయువు ప్రయోగించిన నేరం తదితర హత్యలకు గాను అతనికి 2004లో మరణశిక్ష పడినది. 2018 జూలై 6న ఉరితీశారు. అక్కడ ప్రధాన సమస్య గురువు స్వయంగా ఆదేశం ఇచ్చాడని నిరూపించడం. ప్రేమానంద కేసులో అత్యాచారాల విషయంలో ఆ ఇబ్బంది లేదు. ఆరోపణ నేరుగా అతనిమీదనే, దానికి సాక్ష్యం అతని రక్తంలోనే ఉన్నది. హత్య విషయంలో మాత్రం ఇక్కడ కూడా అనుచరుల పాత్ర, గురువు పాత్ర వేరుచేసి చూడవలసి వచ్చినది.

మరణం, తదనంతర పరిణామాలు

ప్రేమానంద కడలూరు కేంద్ర కారాగారంలో శిక్ష అనుభవిస్తూ అనారోగ్యంతో 2011 ఫిబ్రవరి 21న మరణించాడు. అప్పటికి వయస్సు 59 సంవత్సరాలు. ఫాతిమా నగర్ ఆశ్రమం అతని మరణం తరువాత కూడా కొనసాగినది. భక్తులలో అనేకులు, ముఖ్యంగా విదేశీయులు, అతడు నిర్దోషి అనీ, కేసు కల్పితమనీ నమ్ముతూ వచ్చారు. శ్రీలంక ఉత్తర రాష్ట్రానికి 2013 నుండి 2018 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న సి.వి. విఘ్నేశ్వరన్ అటువంటి భక్తులలో ఒకరు. ఆయన స్వయంగా శ్రీలంక సుప్రీం కోర్టు మాజీ న్యాయమూర్తి. పదవిలో ఉండగా ఈ కేసులో శిక్ష అనుభవిస్తున్న సహముద్దాయిలను విడుదల చేయవలసిందిగా భారత ప్రధానమంత్రికి లేఖ వ్రాశారు. ఆ లేఖపై శ్రీలంకలోను, తమిళనాడులోను విమర్శలు వచ్చాయి.